నేలచూపుల సిపాయిలు

పొగడగిరి రాజ్యానికి తాతల కాలం నుంచీ ఒక వింత చీడ పట్టుకుని ఉంది. తూర్పు అడవికి కాపలా వెళ్ళిన సిపాయి మళ్ళీ తిరిగి రావడం లేదు. శవమూ దొరకదు, కత్తీ దొరకదు. రాజుగారు మొదట యోధులను పంపారు, తర్వాత వేటగాళ్ళను పంపారు. చివరికి మనుషులు చాలక, కుంచె తప్ప కత్తి పట్టి ఎరగని బొమ్మలవాళ్ళను కూడా పంపారు. అలా పోయినవాడే నూకన్న. వెనక మిగిలింది పద్నాలుగేళ్ళ చెల్లెలు పైడమ్మ ఒక్కతే. అమ్మానాన్నలు లేని ఆ పిల్లకు అన్నీ అన్నే.

మూడు వారాలు ఎదురుచూసింది. నాలుగో వారం రంగుల సంచి భుజాన వేసుకుని బయలుదేరింది.

"ఎక్కడికే పిల్లా?" అని కోట తలుపు దగ్గర ముసలి కావలివాడు అడ్డం వచ్చాడు.

"మా అన్న కోసం తాతా."

"అంతలేసి మగాళ్ళే పోయారు. నువ్వెళ్ళి ఏం చేస్తావే?"

"అక్కడికెళ్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఇక్కడుంటే ఏడవడం తప్ప ఏం చెయ్యను," అంది పైడమ్మ. అదీ ఆ పిల్ల వరస! ముసలివాడు తలుపు తీశాడు.

అడవిలో ఒక మద్దిచెట్టు కింద, ఛాతీ దాకా పుట్ట పెరిగిన ముని కనిపించాడు. ఆయన ఒక్క కన్ను తెరిచి, భుజాన ఉన్న సంచిని చూశాడు.

"బొమ్మకు అన్నిటికన్నా చివర పెట్టే రంగేది?"

"కంటి నలుపు స్వామీ. అది పెట్టేదాకా బొమ్మ ఉత్త కొయ్యే. పెట్టేటప్పుడు బొమ్మ ఎటు చూడాలో అటే మనసు నిలపాలి. లేకపోతే చూపు చెదురుతుందని మా అన్న వందసార్లు చెప్పాడు."

"అయితే నీకు చెప్పవచ్చు. ధూమ్రకేశి అనే రాక్షసికి బొమ్మ సిపాయిలంటే పిచ్చి. దొరికినవాడినల్లా జానెడు కొయ్యబొమ్మగా మార్చి అరల్లో పేర్చుకుంటుంది. అందరికీ నేలచూపులే వేస్తుంది. ఎందుకో తెలుసా? బొమ్మ సూటిగా దాని కళ్ళలోకి చూస్తే మంత్రం విడిపోతుంది. అయితే కంటి నలుపు ఆరకముందే చూడాలి. ఒక్కరిని లేపావో, మిగిలినవాళ్ళను నలిపి పారేస్తుంది. లేపితే అందరినీ ఒక్కసారే లేపాలి. అప్పుడు ఆ మంత్రం దానికే తిరగబడుతుంది." అంతే, ముని కన్ను మూసుకున్నాడు.

అడవి చివర పెద్ద అగాధం. దాని అంచున ఒళ్ళంతా వట్టి పసుపుగా ఉన్న ఒక మాయచిరుత పడుకుని ఉంది.

"శాపం తగిలి నా మచ్చలన్నీ పోయాయి," అని అది గుర్రుమంది. "మచ్చలు పెట్టు, అవతలికి దాటిస్తాను. ఒక్కటి వంకరపోయిందో, నమిలేస్తాను."

పైడమ్మ దాని కోరలకేసి చూసింది. అయినా కుంచె తీసింది. వీపు అయింది, డొక్కలయ్యాయి. చివరి మచ్చ సరిగ్గా చిరుత కంటి కింద, కోరకు బెత్తెడు దూరంలో పెట్టాలి. దాని వేడి ఊపిరి వేళ్ళకు తగులుతోంది. పిల్ల ఊపిరి బిగబట్టి కుంచె ఆనించి తీసేసింది. చిరుత నీటిగుంటలో నీడ చూసుకుని మురిసిపోయింది. పైడమ్మను వీపున ఎక్కించుకుని ఒక్క దూకులో అగాధం దాటింది.

అవతల గుహ ఉంది. గుహ నిండా అరలు, అరల నిండా సిపాయిలు. ఎర్ర తలపాగాలు, నల్ల మీసాలు, నిగనిగలాడే రంగులు. అందరూ ఒక్క తీరుగా ఉన్నారు, అందరూ నేలకేసే చూస్తున్నారు. వీళ్ళలో అన్న ఎవరు? నూకన్న ఎడమ చెవికి ఒక గాటు ఉండేది. చిన్నప్పుడు ఉలితో ఆడుతూ పైడమ్మే పెట్టింది ఆ గాటు. ఆశగా చెవులన్నీ వెతికింది. ఒక్కదానికీ గాటు లేదు.

"వచ్చావా నా బంగారు కొండా!" అని వెనక నుంచి గొంతు ఉరిమింది. పొగలాంటి జుట్టుతో ధూమ్రకేశి గుమ్మం నిండా నిలబడి ఉంది. "తొంభై తొమ్మిది కూడాయి. నూరోది ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాచాయనుకో. ఇడుగో, ఈ బుంగమీసాలవాడు మీ రాజు తాత కాలం వాడు. ఎంత పాతవాడైతే నాకంత ముద్దు. గాట్లూ బీటలూ అన్నీ చింతగింజల జిగురుతో పూడ్చి, ఆరు పూతలు వేశాను. నూరు నిండిన రోజున అందరికీ ఏడో పూత. అది పడితే ఇక ఎప్పటికీ కొయ్యలే. ఈ సాయంత్రమే వేస్తాను!"

పైడమ్మకు విషయం అర్థమైంది. అన్నను విడిపించడానికి వచ్చి, అందరికీ తనే గడువు తెచ్చిపెట్టింది. అయినా బెదురు పైకి కనబడనివ్వలేదు. బుంగమీసాలవాడి తలపాగా మీద గోటితో గీకింది. రంగు పెచ్చులుగా లేచింది.

"నేను బొమ్మనవుతాలే పెద్దమ్మా, దానికేం గానీ, ఈ పని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. పూత మీద పూత పూస్తారా ఎవరైనా? ఏడోది కూడా వేశావో, వానాకాలానికి మొత్తం ఊడిపోతుంది."

రాక్షసి ముఖం పాలిపోయింది. పాపం, బొమ్మలంటే దానికి ప్రాణం మరి. "అయ్యయ్యో! ఇప్పుడెలాగే?"

"పాతదంతా కడిగి, కొయ్య తేల్చి, మళ్ళీ వెయ్యాలి. నేను వేసిపెడతాను. నువ్వు మాత్రం గుమ్మంలో అటు తిరిగి కూర్చో. తడి రంగు మీద నీ ఊపిరి పడితే పొక్కుతుంది."

"పొద్దు ఆ కొండ తాకేలోగా అవ్వాలి. కాలేదో, నీకు ఏడు పూతలూ ఒక్కసారే. కళ్ళు మాత్రం కిందికే వెయ్యి, తెలిసిందా?"

"అలాగే పెద్దమ్మా."

పైడమ్మ వేడి బూడిద నీళ్ళలో బొమ్మలను ముంచి తీసింది. పూతలు వీడాయి, జిగురు కరిగింది. నలభయ్యో బొమ్మ ఎడమ చెవికి చిన్న గాటు తేలింది. "అన్నా!" అని గొంతు దాకా వచ్చిన కేకను మింగేసింది. చెయ్యి ఆపలేదు. ఎరుపు, పసుపు, మీసాలు, నడికట్లు, అన్నీ అయ్యాయి. తొంభై తొమ్మిది మందినీ గుహ మధ్యలో ఇరుసు మీద తిరిగే ఒకే పొడుగాటి పలక మీద, ముఖాలు గోడకేసి ఉండేలా నిలబెట్టింది.

"ఏమే, అయిందా?" ధూమ్రకేశి లేచి రెండడుగులు లోపలికి వేసింది.

"దగ్గరికి రాకు పెద్దమ్మా, పొక్కుతుంది! కళ్ళే మిగిలాయి."

రాక్షసి గొణుక్కుంటూ వెళ్ళి కూర్చుంది. పైడమ్మ తొందరగా ఆరకుండా నూనె కలిపిన మసినలుపులో కుంచె ముంచింది. ఒక్కొక్కరినీ చేతిలోకి తీసుకుని, సూటిగా చూసే కళ్ళు పెట్టి, మళ్ళీ గోడవైపు తిప్పి నిలబెట్టింది. అన్నను చివరికి ఉంచుకుంది. అప్పటికి పొద్దు కొండను తాకుతోంది. ఆ ముఖం చూసేసరికి పిల్లకు కళ్ళు మసకబారాయి. 'నన్ను చూడన్నా' అనుకుంటూ చుక్క పెట్టేసి, అతన్నీ పలక మీద నిలబెట్టింది.

"గడువైపోయింది!" ధూమ్రకేశి లోపలికి దూసుకొచ్చింది.

పైడమ్మ బలమంతా పెట్టి పలకను గిర్రున తిప్పింది. కళ్ళన్నీ ఒక్కసారిగా రాక్షసి ముఖంలోకి చూశాయి. ధూమ్రకేశి పెట్టిన అరుపుకు గుహ కంపించింది. సిపాయిలు ఒక్క ఉదుటున నిలువెత్తు మనుషులయ్యారు. పలక విరిగింది, రంగుల ముంతలు బోర్లాపడ్డాయి. రాక్షసి చిక్కి చిక్కి, తెరిచిన కళ్ళతోనే జానెడు కొయ్యబొమ్మై నేల మీద దొర్లింది. "రాజుగారు కులాసానా?" అని బుంగమీసాల తాత అడుగుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు.

విరిగిన పలక మీద ఒక్క బొమ్మ మాత్రం బొమ్మలాగే ఉంది. చెవికి గాటున్న బొమ్మ.

పైడమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. వంగి చూసింది. అన్న చూపు సూటిగా లేదు. కుంచె పట్టి తను కూర్చున్న చోటు ఎటుంటుందో అటు, కాస్త పైకి, కాస్త పక్కకు ఉంది. తననే చూడాలనుకుంది, తనవైపే చూపు వేసింది. దిద్దుదామంటే నలుపు నేలపాలైంది. అడుగున మిగిలిన పలచటి నలుపుతో పెట్టిన కన్ను అంచుల్లో అప్పుడే ఆరిపోతోంది.

"నా పాపమే, నా పాపమే," అని పిల్ల గుండెలు బాదుకుంది. ఉన్నట్టుండి ఆగింది. అన్న తనను చూస్తున్నాడు. అయితే తనున్న చోటే రాక్షసి ఉంటే?

చటుక్కున రాక్షసిబొమ్మను అందుకుంది. కళ్ళు పెట్టేటప్పుడు కూర్చున్నట్టే మఠం వేసుకుని కూర్చుంది. అన్నను ఎడమచేత అప్పటిలాగే పట్టుకుంది. కుడిచేత్తో రాక్షసిబొమ్మను తన ముఖానికి అడ్డంగా పెట్టుకుంది. ఇక తనకేమీ కనిపించలేదు. ఒక క్షణం గడిచింది, రెండు గడిచాయి.

చేతిలో బరువు ఒక్కసారిగా పెరిగి, పైడమ్మ వెల్లకిలా పడింది.

"చూపు చెదిరింది చూడు," అంది ఎంతో తెలిసిన గొంతు. "ఎన్నిసార్లు చెప్పానే నీకు!"

"తిట్టు అన్నా, ఇంకా తిట్టు," అంటూ పైడమ్మ అతని మెడకు చుట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నూకన్న కూడా ఏడ్చాడు, మగాడినని చూసుకోలేదు.

అందరినీ ఒక్కొక్కరుగా మాయచిరుత వీపున అగాధం దాటించి, తొంభై తొమ్మిది మంది సిపాయిలతో పొగడగిరికి తిరిగి వచ్చిన ఆ పిల్లకు రాజుగారు స్వయంగా ఎదురొచ్చారు. తూర్పు అడవినీ, దాని అంచునున్న కోటనూ ఆమె ఏలుబడికి ఇచ్చారు. ఆ కోటలో అన్నాచెల్లెళ్ళు బొమ్మలు చేస్తూ, సరిహద్దు కాస్తూ చల్లగా బతికారు. పండక్కి పండక్కి పైడమ్మ ధూమ్రకేశి బొమ్మను అరలోంచి తీసి, పాత పూత శుభ్రంగా కడిగి, కొత్త రంగులు వేసేది. కళ్ళు మాత్రం ఎన్నడూ పెట్టలేదు.