అంగీ మీద పేరు

మొదటి షిఫ్టు కూత అయింది. అన్నదమ్ములు ఆమోసు, జ్ఞానయ్య గనికి వెళ్ళిపోయారు. గోదావరిఖనిలోని ఆ రెండు గదుల క్వార్టర్‌లో ఆమోసు భార్య సుసన్నా బొగ్గుల పొయ్యి రాజేస్తోంది. అత్త యేసమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట మొదలుపెట్టింది.

"రేపు చర్చిల సుగుణ బిడ్డకు పేరు పెడ్తున్నరు. నేను రూతు అన్న. వింటదా? హన్నానే కావాల్నంటది."

సుగుణమణి జ్ఞానయ్య భార్య. నెల బాలింత. హన్నా అంటే హెబ్రీలో కృప అని పాస్టరయ్య చెప్పాడట. పక్కింటి జైనబీ, తన చెల్లెలి కూతురికీ అదే పేరని, అరబ్బీలో సంతోషం అని అర్థమని మురిసిందట.

కృప, సంతోషం రెండూ సుగుణమణి ఉన్న ఆ రెండో గదికే పోయాయనుకుంది సుసన్నా. ఎసరు మరుగుతున్నా చూడలేదు.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు. బైబిల్లో హన్నా కూడా గొడ్రాలని మాట పడింది. గుడిలో ఏడ్చి బిడ్డను పొందింది. ఆ ధైర్యంతోనే సుసన్నా మల్లుగుడ్డతో చిన్న అంగీ కుట్టి, ఎర్రదారంతో ‘హన్నా’ అని అల్లి, ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఇప్పుడు దాన్ని తీసి, కత్తెర మొనతో మొదటి అక్షరం విప్పసాగింది.

బిడ్డనెత్తుకుని వచ్చిన సుగుణమణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకక్కా ఊడదీస్తున్నవు?"

"బిడ్డ నీకున్నది. పేరన్న నాకు ఉండనియ్యవా?"

సుగుణమణి బిడ్డను భుజాన వేసుకుని దగ్గరకు వచ్చింది.

"పెట్టె ఎండకు పెట్టిననాడు చూసిన. నా బిడ్డకే కుట్టినవనుకున్న. పెద్దమ్మ పెట్టిన పేరని, అత్త మాట గూడ కాదన్న."

"నన్ను అడగకపోతివి."

"నువ్వే తెచ్చి ఇస్తవని చూసిన. అడిగి తీసుకుంటే ఏం బాగుంటదక్కా?" ఆమె గొంతు తగ్గింది. "రూతు అనే పెడ్త. ఆ పేరు నీ బిడ్డకు ఉండనీ."

నీ బిడ్డ. ఎనిమిదేళ్ళలో ఆ మాట సుసన్నాతో ఎవరూ అనలేదు. ఓదార్చినవాళ్ళున్నారు, జాలిపడ్డవాళ్ళున్నారు. బిడ్డ కలుగుతుందని నమ్మింది మాత్రం తాను అసూయపడ్డ ఈ ఒక్క మనిషే. అంగీ ఆమె చేతిలో తడిసింది.

మర్నాడు పాస్టరయ్య పేరడిగాడు. సుగుణమణి తల వంచుకుని నోరు తెరవబోయేంతలో వెనక నుంచి సుసన్నా లేచింది.

"హన్నా, అయ్యగారూ."

కొంగు చాటు నుంచి ఆ అంగీ తీసి బిడ్డకు తొడిగింది. పాత దారం పెట్టెలో వెలిసిపోయింది. నిన్న సాయంత్రం మళ్ళీ కుట్టిన మొదటి అక్షరం మాత్రం ఎర్రగా మెరుస్తోంది.