వెనక సీటు బేరం

చిన్నల్లుడి చేతిలో అప్పటికి రెండు లక్షల ఎనభై వేలున్నాయి. అతనుండే కాలనీలో ఎనిమిదో వరస చివర ఒక ఖాళీ ఇల్లుంది. రాత్రి తొమ్మిది దాటాక ఆ ఇంటి ముందు నుంచి నడవడానికి ఆ కాలనీలో ఎవరికీ గుండె చాలదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అతనికి దెయ్యం కనపడలేదు... వ్యాపారం కనపడింది.

ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే ఆవిడ పోయి మూడేళ్లయిందట. తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. అయినా రాత్రిళ్లు వరండాలో ఎవరో కూర్చుని ఉంటారని — చూసినవాళ్లు చెప్పే మాట.

కార్లన్నీ గేటు దగ్గరే ఆపాలన్నది కాలనీ నియమం. అక్కణ్ణుంచి ఇళ్లకి కిలోమీటరు నడక. నలుగురు పట్టే పాత బ్యాటరీ గోల్ఫ్ కార్ట్ ఒకటి కొని, మనిషికి ఇరవై చొప్పున దింపితే? రోజుకి నలభై మంది ఎక్కినా చాలు, మూడు వందల యాభై రోజుల్లో బండి ఖరీదు చేతికొచ్చేస్తుంది.

ఉన్నదంతా ఊడ్చి కొన్నాడు. మొదటి నెల రోజుకి నలభై ఐదు మంది ఎక్కారు.

రెండో నెల పెద్దల్లుడు రంగంలోకి దిగాడు. సొంత తోడల్లుడే. ఆరుగురు పట్టే కొత్త బండి, తెల్లగా మెరిసిపోతూ, మెత్తటి సీట్లతో!

"ఆలోచన చిన్నల్లుడిదే అనుకో. కానీ బండంటే పెద్దల్లుడిదీ!" అంది అత్తగారు, అందరూ వినేట్టు.

ఆ మాట అతని గొంతులో ముల్లులా దిగబడింది. అతని బేరం రోజుకి పదకొండు మందికి పడిపోయింది. మూడు వందల యాభై రోజుల లెక్క మూడున్నరేళ్లయింది. అన్నం కలుపుతున్నా కళ్ల ముందు ఆ తెల్లబండే.

"ఆయన సీట్లు లెక్కపెడుతూ కూర్చుంటే మీవి నిండుతాయా? పడుకోండి," అంది భార్య.

చివరికి కాలనీ సంఘం తేల్చేసింది. గేటు దగ్గర ఒక్క బండికే చోటు. ఈ వారంలో గేటు దగ్గర ఎవరి బండి ఎక్కువమంది ఎక్కితే వాళ్లదే ఆ చోటు. శనివారం అర్ధరాత్రికి లెక్క ముగింపు. వాచ్‌మన్ పుస్తకంలో మనిషికో గీత.

చిన్నల్లుడు ఇరవైని పదికి దించాడు. తిండి కూడా బండిలోనే తిన్నాడు. గీతలు పెరిగాయి. కానీ రోజూ పన్నెండు కావొస్తుండగా ఎనిమిదో వరస మలుపులో ఒకటి చూసి కడుపు రగిలిపోయేది...

పెద్దల్లుడు ఎనిమిదో వరసలో ఆఖరివాళ్లని దింపి తిరిగొచ్చేటప్పుడు, వెనక సీటులో ఒకావిడ ఉండేది. ఆ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందుకే బండి దాటిపోయాక కూడా ఆవిడ ఇతన్నే చూస్తూ వెళ్లేది.

తిరుగు ట్రిప్పుకి కూడా బేరమే! అదీ ఈ వేళప్పుడు! అందరూ వణికిపోయే ఆ వరస నుంచి! అన్నీ ఆయనకేనా?

శనివారం. పదకొండు నలభై. గీతలు చెరో నూట నలభై ఎనిమిది. గేటు దగ్గర నరపురుగు లేదు.

చిన్నల్లుడు ఎనిమిదో వరస మలుపులో కాపు వేశాడు. తెల్లబండి వచ్చింది... స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించింది... వెనక సీటులో ఆవిడ. పక్కనే పరిగెత్తాడు.

"అమ్మా," అన్నాడు గుసగుసగా. "తిరిగి వెళ్లేటప్పుడు నా బండెక్కండి... డబ్బులొద్దు."

ఆవిడ తల — నెమ్మదిగా — ఊపింది.

అడ్డదారిన ముందే గేటు చేరి, తన బండిలో కూర్చుని కాచుకున్నాడు. తెల్లబండి వచ్చి ఆగింది. వెనక సీటు ఖాళీ!

"ఆవిణ్ణి ఎక్కడ దింపావన్నయ్యా?"

"ఎవర్ని?"

"దాచకు. రోజూ నీ వెనక కూర్చుని వచ్చే ఆవిణ్ణి."

పెద్దల్లుడు వింతగా చూశాడు. "తిరిగొచ్చేటప్పుడు రోజూ ఖాళీయే కదా తమ్ముడూ... అది చూసి నవ్వుకోడానికే ఆ మలుపులో నిలబడతావనుకున్నా."

చిన్నల్లుడు తెల్లబండి వెనక సీటు కేసి మళ్లీ చూశాడు. నోరు తెరిచేలోపు... అతని బండి వెనక భాగం కిర్రుమంటూ కిందికి దిగింది.

పెద్దల్లుడు అటు చూశాడు. అతని కళ్లలో భయం లేదు. కుళ్లు ఉంది.

"ఓహో... నన్ను మాటల్లో పెట్టి బేరం ఎక్కించుకున్నావా! అమ్మా, అది పాత బండి, ఒళ్లు హూనమవుతుంది. ఇటు రండి, నాది కొత్తది."

"ఎనిమిదో వరస," అంది వెనక నుంచి ఒక గొంతు. "చివరి ఇల్లు."

వాచ్‌మన్ పుస్తకం పట్టుకుని బయటికొచ్చాడు. "పన్నెండుకి రెండు నిమిషాలుంది. ఆవిణ్ణి ఎవరి బండి కింద రాయమంటారు?"

చిన్నల్లుడు వెనక్కి తిరిగి చూడలేదు. దిగి పారిపోవచ్చు. పారిపోతే — ఆవిడ తెల్లబండి ఎక్కుతుంది. ఆయనకి నూట నలభై తొమ్మిది.

"నా బండి కిందే," అన్నాడు. "గీత గియ్యి."

బ్రేకు మీది కాలు తీసి, యాక్సిలరేటర్ మీద పెట్టాడు...