రాని మైనస్ ఒకటి

"కౌంట్‌డౌన్ లెక్కకి ఉత్త char అనే అంకెల రకం వాడాడ్రా వీడు," అంది అక్క ఫోన్‌లో. ముఠా నుంచి కాజేసిన సి కోడ్ ఆమె ముందుంది. "అది మైనస్‌లోకి వెళ్తుందని స్టాండర్డ్, అదే సి భాష రూల్స్ పుస్తకం, హామీ ఇవ్వలేదు. కొన్ని మెషిన్లలో వెళ్తుంది. కొన్నిట్లో సున్నా తర్వాత 255 వస్తుంది. signed అని రాసి తగలడొచ్చుగా!"

సైలెన్సర్ చప్పుడు చిన్నది. ఫోన్ కిందపడిన చప్పుడే పెద్దగా వినిపించింది తమ్ముడికి. ఆ తమ్ముడే ఏజెంట్ తొమ్మిది.

చీఫ్ బ్రీఫింగ్ పొడిపొడిగా సాగింది. "టార్గెట్ డ్యామ్. లెక్క మైనస్ ఒకటికి రాగానే గేట్లన్నీ తెరుచుకుంటాయి. కింద ఊరుంది. ముఠా బాస్ బయటికొచ్చేది ఆ కాసేపే, అప్పుడే పట్టుకోవాలి. కోడ్ రాసిందీ, మీ అక్కని కాల్చిందీ ఒక్కడే. అందరూ మేధావి అంటారు. నాకు ప్రాణాలతో కావాలి."

"చంపనండి. చావు వాడికి మరీ చవక."

ముఠా కంట్రోల్ రూమ్‌లో మేధావి కళ్లార్పకుండా చూసే మేడమ్ నిజానికి చీఫ్ పంపిన మనిషి. కంట్రోల్ బోర్డు పాడయ్యేలా కాఫీ ఒలకబోసి, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. పెట్టుడు మీసంతో, టెక్నీషియన్ వేషంలో ఏజెంట్ కొత్త బోర్డు పట్టుకొచ్చాడు. డొల్లది ఇస్తే మేధావి పసిగడతాడు. అందుకే నిజమైనదే తెచ్చాడు, చిప్ మాత్రం వేరే రకం.

అక్కని కాల్చిన వేళ్లు కీబోర్డు మీద ఆడుతుంటే ఏజెంట్ పక్కనే బోర్డు స్క్రూలు బిగించాడు. కొత్త చిప్‌కి తగ్గట్టు కోడ్ మళ్లీ కంపైల్ అయింది. స్క్రీన్ మీద ఓ పసుపు గీత పడింది.

"ఏదో వార్నింగొచ్చింది సార్." అక్క ఉంటే ఆ మాట అనకుండా ఊరుకునేది కాదు.

"వార్నింగంటే ఎర్రర్ కాదోయ్. ఎప్పుడూ నడిచే కోడే ఇది. స్క్రూలు బిగించేవాడివి, నీకెందుకు?"

"చిత్తం."

బాస్ వచ్చాడు. ముఠా అంతా స్క్రీన్ చుట్టూ మూగింది. మూడు. రెండు. ఒకటి.

సున్నా.

255.

గేట్లు కదల్లేదు. 254. తలుపులు బద్దలుకొట్టుకుని కమాండోలు లోపలికొచ్చారు.

"నా మెషిన్‌లో బాగానే నడిచిందే!" మేధావి గొంతు కీచుమంది.

ఏజెంట్ మీసం పీకేసి, వాడి జుట్టు పట్టుకుని మొహం స్క్రీన్‌కేసి తిప్పాడు. "చూడరా, కళ్లారా చూడు! నువ్వు చంపిన మా అక్క చెప్పింది చెప్పినట్టు జరిగింది."

వాడి చేతులకి సంకెళ్లు పడేదాకా ఆ జుట్టు వదల్లేదు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు.

"జైల్లో స్టాండర్డ్ చదువుకోండి సార్. పుస్తకం బాగా లావు. అయినా మీకు పడేది యావజ్జీవమేగా!"