ఇత్తడి బూరలో గుసగుస

ఆ సైన్సు మ్యూజియంలో అన్ని గదులకీ మంచిపేరే, ఒక్క ఆవిరి యంత్రాల హాలుకి తప్ప. చీకటి పడితే అందులో ఎవరో గుసగుసలాడతారని చెప్పుకునేవాళ్ళు. ఆడగొంతు... మనిషి మాత్రం ఉండదు. సైన్సు మ్యూజియంలో దెయ్యమేమిటని మీరు నవ్వచ్చు. విన్న కాపలావాళ్ళు నవ్వలేదు. ఒకాయన టార్చిలైటు పారేసి పరుగెత్తాడు, ఇంకొకాయన ఉద్యోగమే పారేసి పోయాడు.

ఈ గోలంతా వచ్చి మ్యూజియం ప్రచారం పనులు చూసే మేడం నెత్తిన పడింది. ఊరందరిచేతా సైన్సుని ప్రశ్నలడిగించాలని ఏడాదిగా ఒళ్ళు హూనం చేసుకుంటున్న మనిషి ఆవిడ. పోస్టరు మీది నంబరుకి ఫోన్ చేసి ఎవరైనా, ఏదైనా అడగచ్చు. ఆ ప్రశ్నల్ని రికార్డు చేసి ఉంచి, హాలు మధ్య వేలాడే పెద్ద ఇత్తడి బూరలోంచి వినిపిస్తారు. శాస్త్రవేత్తలు జవాబు చెబుతారు. రేపే ప్రారంభం. పోస్టర్లింకా గోడలెక్కలేదు, కట్టలుగా హాల్లోనే పడున్నాయి.

"కాపలావాళ్ళే అడుగుపెట్టని చోటికి పిల్లల్నెలా రమ్మంటాం?" అన్నాడు డైరెక్టరు. "రేపు పొద్దుటికి ఈ సంగతి తేలకపోతే అంతా రద్దు."

"ఈ రాత్రికి నేను కూర్చుంటాను సార్."

అందరూ వెళ్ళిపోయారు. ఏ చప్పుడూ అడ్డు రాకూడదని ఫోన్ ఆపేసి సంచిలో పడేసింది. ఈ మధ్య అది మోగినా ఎత్తేది తక్కువే లెండి. దీపాలార్పి, ఓ పోస్టర్ల కట్ట మీద కూర్చుంది.

చీకట్లో యంత్రాల చక్రాలు నల్లగా నిలబడి ఉన్నాయి. ఎక్కడో గొట్టంలో నీటిచుక్క... మళ్ళీ చుక్క... తర్వాత అదీ ఆగిపోయింది.

అప్పుడు — ఊపిరి.

ఎవరో ఆయాసంగా, దగ్గరగా ఊపిరి తీస్తున్నారు. ఆవిడ కదల్లేదు.

"...ఎప్పుడొస్తుంది..."

బూరలోంచే!

"...తలుపు తీసే ఉంచాను... ఇంకా రాలేదు..."

ఎవరైనా ఫోన్ చేస్తున్నారా? కానీ ఆ నంబరు ఊళ్ళో ఎవరికి తెలుసు? పోస్టర్లన్నీ ఈ హాల్లోనే ఉన్నాయి. పారిపోదామనుకుంది. పారిపోతే ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పళ్ళు బిగించి, తడుముకుంటూ బూర కిందకి నడిచింది.

"ఎ... ఎవరు?"

మళ్ళీ అదే ఊపిరి... ఆ వెనక, ఎక్కడో, సన్నగా దగ్గు. చిన్నపిల్ల దగ్గు.

ఆ దగ్గు తనకి తెలుసు.

"నిద్రపో తల్లీ, అడుగుతున్నాగా," అంది గుసగుస. తర్వాత గొంతు సవరించుకుని, అధికారులతో మాట్లాడేటంత మర్యాదగా మొదలెట్టింది. "అయ్యా, ఏ ప్రశ్నయినా అడగండని మీరే రాశారు. రోజూ అడుగుతూనే ఉన్నాను, ఒక్కరూ పలకరు. దాని ఫోనుకి చేస్తే అదీ పలకదు. మీ సైన్సుకి తెలిస్తే చెప్పండి... మా కోడలు ఇంటికెప్పుడొస్తుంది?"

మేడం అక్కడే నేల మీద కూలబడింది.

అచ్చయి వచ్చిన మొదటి పోస్టరు! గొప్పగా ఇంటికి పట్టుకెళ్ళి, ఫ్రిజ్ మీద అంటించింది తనే. మాట హాలు మూలలదాకా వినిపిస్తుందో లేదో చూద్దామని, వచ్చిన ఫోను వచ్చినట్టే బూరలోకి వదలమన్నదీ తనే. ఆ తర్వాత మళ్ళీ మార్పించడం మరిచిపోయింది. తన పాప ఒళ్ళో జోగుతుంటే అత్తగారు గుసగుసగా కాక ఇంకెలా మాట్లాడుతుంది? నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

సంచి భుజాన వేసుకుని బయటికొస్తుంటే, గేటు దగ్గర ముసలి కాపలామనిషి లేచి నిలబడ్డాడు.

"ఏం మేడం... దెయ్యం ఉన్నట్టేనా?" అన్నాడు మెల్లగా.

"ఉంది బాబాయ్," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఇల్లూ వాకిలీ పట్టని దెయ్యం. ఇదిగో, ఇప్పుడే ఇంటికి పోతోంది."