నాలుగు వేళ్ళ ఎడం

"ఆర్పండి! ముందు ఆ కొవ్వొత్తి ఆర్పండి!"

గుమ్మంలోనే కేక పెట్టాడు, స్పీకర్లు అమర్చడానికొచ్చిన ఆస్గెర్. ఒక బూటు విప్పాడు, రెండోది ఇంకా కాలికే ఉంది. ఒంటికాలి మీద గెంతుతూ గదిలోకి దూసుకొచ్చి, స్పీకరు నెత్తిమీద వెలుగుతున్న కొవ్వొత్తిని ఉఫ్ మని ఊదేశాడు.

ఇంటావిడ తూరా కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మీ కొట్లో నమస్కారం దొరకదా?"

"స్పీకరు మీద కొవ్వొత్తేంటండీ! మైనం కారితే?"

"ఓర్హుస్ ఊళ్ళో నవంబరు నెల. నాలుగింటికే చీకటి. చదునుగా ఏది కనబడితే దానిమీద కొవ్వొత్తి పెడతాం. మీ ఇంట్లో పెట్టరా?"

పెడతారు. పెట్టని ఇల్లు ఆ ఊళ్ళోనే లేదు. అందుకని ఆస్గెర్ రెండో బూటు విప్పుకోవడానికి వెనక్కి వెళ్ళాడు.

అసలు గొడవ పోయిన వారమే మొదలైంది. తూరా పళ్ళ డాక్టరు. రోజంతా డ్రిల్లు మోత విని విని, ఇంటికొచ్చాక నాలుగు మంచి పాటలు వినాలని స్పీకర్ల కొట్టుకి వచ్చింది. ఆస్గెర్ సన్నటి జోడీ ఒకటి చూపించి, ఇంతకు మించింది లేదన్నాడు. ఆమె తను తెచ్చుకున్న అకార్డియన్ రికార్డు పెట్టించి, ఏడు జోడీలు విని, ఏడూ వద్దని, మూలనున్న అక్రోటు చెక్క జోడీ దగ్గర ఆగింది. "ఇందులో అయితే వాయించేవాడి ఊపిరి కూడా వినబడుతోంది" అని దాన్నే కొంది.

ఆరేళ్ళలో ఆస్గెర్ మాట కాదన్న మొదటి మనిషి ఆమె. పైగా ఆమె అన్నదే నిజం. అప్పట్నుంచి అతనికి ఆమె మీద కోపం. రాత్రీ పగలూ ఆమే గుర్తొస్తుంటే అది కోపమేనని అతను గట్టిగా నమ్మాడు.

"స్పీకర్లు రెండిటినీ మూలలకి నెట్టేశారేంటి? గోడ నుంచి మూడడుగులు ముందుకి రావాలి" అన్నాడు ఆస్గెర్, గదిలోకి తిరిగొచ్చి.

"మరి నేనెలా నడవాలి?"

"పక్కనుంచి."

"సోఫా?"

"వెనక గోడకి ఆనకూడదు. అదీ ముందుకే."

"అన్నీ ముందుకొస్తే ఇక నేను వెళ్ళి మెట్లమీద కూర్చోనా?"

"మీరు ఇక్కడ కూర్చోవాలి" అని ఒక చేతుల కుర్చీ తెచ్చి గది నడుమ వేశాడు. "సరిగ్గా ఇక్కడ. తల కదపకూడదు."

"అచ్చం నేను మా పేషెంట్లతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారే!" అని కూర్చుంది తూరా.

రెండు గంటలు పట్టింది. ఒక పాట, ఒక వేలు ముందుకి. మళ్ళీ అదే పాట, అర వేలు పక్కకి. చివరికి ఆస్గెర్ చెయ్యి ఆగిపోయింది. అకార్డియన్ రెండు పెట్టెల్లోంచీ కాకుండా, నట్టింట్లో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టు పలికింది. స్పీకర్ల కాళ్ళ చుట్టూ నేలమీద నీలం టేపు అంటించి, ఎలా ఉందని అడుగుదామని తలెత్తాడు.

తూరా కళ్ళు మూసుకుని నవ్వుతోంది. కిటికీ మీద వాన జారుతోంది. ఆస్గెర్ పని అయిపోయింది.

పని అయిపోయిందంటే ఇక ఈ ఇంటికి రావడం కుదరదని అప్పుడే అతనికి తట్టింది. కొట్టు యజమాని ప్రెబెన్ ఒక నియమం పెట్టాడు. ఏ ఇంటికైనా రెండుసార్లే వెళ్ళాలి. మొదటిసారి అమర్చడానికి, రెండోసారి ఫిర్యాదు వస్తే సరిచెయ్యడానికి. మూడోసారి వెళ్ళేవాడు పనివాడు కాదు, చుట్టం అంటాడాయన. ఆస్గెర్ అమరిస్తే ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. అదే అతని గొప్ప. ఆ గొప్పే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

"ఇంకో కాఫీ తెస్తాను" అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

ఆస్గెర్ అటూ ఇటూ చూశాడు. ఎడమ స్పీకరుని కౌగిలించుకుని, నాలుగు వేళ్ళ మేర గోడవైపు జరిపాడు. టేపు పీకి కొత్త చోట అంటించాడు. కన్నతల్లికి అబద్ధం చెప్పినా అంత చెమట పట్టి ఉండదు.

ఇక ఫిర్యాదు కోసం ఎదురుచూపులు. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఫోను ఛార్జి అయిపోయిందేమోనని మూడుసార్లు చూసుకున్నాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే ప్రెబెన్ కళ్ళద్దాల మీంచి చూశాడు.

"ఏరా, ఒంట్లో బాలేదా?"

"ఆవిడ దగ్గర్నుంచి ఫిర్యాదు రాలేదండీ."

"రాకపోతే మంచిదేగా? ఏడుస్తావేం?"

గురువారం పొద్దున్నే ఫోను మోగింది. "ఆస్గెర్‌గారూ, నేను తూరాని. మీ ఎడమ స్పీకరు చెడిపోయింది. సాయంత్రం రావాలి" అంది. అతను నిజంగానే గెంతాడు.

వానలో సైకిలు తొక్కుకుంటూ, నీళ్ళోడుతూ చేరాడు. బూట్లు రెండూ బుద్ధిగా విప్పాడు. గదిలోకి వచ్చి చూసి కొయ్యబారిపోయాడు. ఎడమ స్పీకరు టేపు మీద లేదు. టేపుకి నాలుగు వేళ్ళు ముందుకొచ్చి నిలబడి ఉంది.

కొలత తీశాడు. మళ్ళీ తీశాడు. మొదట తను అమర్చిన చోటే! వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశారా, ఎంత ఘోరంగా ఉందో! వినండి" అని తూరా రికార్డు పెట్టింది. పెట్టి, తనే నోరు తెరిచింది. "అదేంటి... ఇంత బాగుందేంటి?"

ఆస్గెర్‌కి దొంగకు తేలు కుట్టినట్టయింది. టేపు తప్పని చెబితే తను దొరికిపోతాడు. చెప్పకపోతే సరిచెయ్యడానికి ఏమీ లేదు, నియమం ప్రకారం ఇదే ఆఖరి రాక.

"ఎవరు జరిపారండీ దీన్ని?" అన్నాడు నెమ్మదిగా.

"...నేనే. గోడకీ దీనికీ మధ్య దూరి, నడుంతో నెట్టాను."

"ఎందుకు?"

"పాడుచేద్దామని."

"అంటే?"

"మీరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ పాట దిగులుగా, బరువుగా వినిపించిందండీ. మీరు గదిలో లేరు కదా, అందుకని అనుకున్నాను." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మనిషి వెళ్ళిపోయాడు కాబట్టి పాట బాలేదని ఫోన్లో ఎలా చెప్పను? చెప్పుకోడానికి ఒక తప్పు కావాలిగా!"

ఆస్గెర్ ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"తూరాగారూ, దిగులు మీది కాదు. నేనే నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి పోయాను. టేపుతో సహా."

"ఎందుకు?"

"మళ్ళీ రావడానికి."

పట్టలేక ఇద్దరూ నవ్వేశారు. ముందు ఆపింది తూరానే.

"అయినా కొంత దిగులు నాదేలెండి. మొత్తం మీ స్పీకరుకి ఇచ్చెయ్యను" అంది.

అంతలో ఆస్గెర్ ఫోను మోగింది. ప్రెబెన్. ఆస్గెర్ తడబడుతుంటే తూరా లాక్కుంది.

"స్పీకర్లు అద్భుతంగా ఉన్నాయండీ, ఉంచేసుకుంటున్నాను. మీ మనిషిని కూడా."

 అవతల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆలోచించుకో తల్లీ. స్పీకర్లకి పదేళ్ళ గ్యారంటీ. వాడికి ఒక్క రోజు కూడా లేదు."

"పర్లేదండీ. రిపేర్లు నేనే చేసుకుంటాను" అని ఫోను పెట్టేసింది తూరా. ఆస్గెర్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ఆమె వచ్చి అదే కుర్చీ చేతిమీద కూర్చుంది.