నాలుగో లైనులో ఉన్న కిడ్నీ

ఆమె స్కానింగ్ సెంటరులోని టైపు గది గుమ్మంలో నిలబడి, ఈ రిపోర్టు టైపు చేసింది ఎవరని నెమ్మదిగా అడిగింది. ఆ గదిలో ఉన్నవి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వాటి మధ్య ఒక మనిషి. ఆ మనిషి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, తనేనని ఒప్పుకున్నాడు.

"నా ఎడమ కిడ్నీ మూడేళ్ళుగా మా తమ్ముడి ఒంట్లో ఉంది" అంది ఆమె. "మీ కాగితం ప్రకారం నాకు రెండూ ఉన్నాయి. తిరిగి ఎప్పుడొచ్చిందో చెబితే, పాపం వాడెలా ఉన్నాడో కనుక్కుంటాను."

 టైపిస్టు కాగితం అందుకొని చూశాడు. పైన, పాత వివరాలు రాసే గడిలో 'లెఫ్ట్ నెఫ్రెక్టమీ' అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉంది. నాలుగో లైనులో, రెండు కిడ్నీలూ సైజులోనూ ఆకారంలోనూ నార్మల్‌గా ఉన్నాయని అంతే శుభ్రంగా ఉంది.

అక్కడి పద్ధతి అలాంటిది. డాక్టరు స్కాన్ చేస్తూ, తేడాగా కనిపించినవి మాత్రం రికార్డరులో చెప్పి, మిగతాది నార్మల్ అంటాడు. అన్నీ సవ్యంగా ఉన్న రిపోర్టు ఒకటి టైపిస్టు దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. అందులో పేరూ వయసూ మార్చి, రాయి అనో వాపు అనో డాక్టరు నోట వినబడితే ఆ లైను దిద్దుతాడు. సాయంత్రం కట్టగా వచ్చిన కాగితాల మీద డాక్టరు సంతకాలు పెట్టేస్తాడు. ఈసారి ఆయన చెప్పిన 'లెఫ్ట్ నెఫ్రెక్టమీ'లో రాయీ లేదు, వాపూ లేదు. కాబట్టి టైపిస్టు దాన్ని పై గడిలో పెట్టి, కింద దేన్నీ కదపలేదు. నాలుగేళ్ళుగా సెంటరులో అతన్ని అందరూ 'మెషిన్' అని పిలుస్తున్నారు, అదీ మెచ్చుకోలుగానే.

"నెఫ్రెక్టమీ అంటే ఏమిటో తెలుసా మీకు?"

"స్పెల్లింగు తెలుసండీ."

ఆమె నవ్వు కనబడకుండా ప్రింటరు వైపు తిరిగింది. తర్వాత, తాను ఫిర్యాదు చేయనని, డాక్టరుకు అతనే స్వయంగా చెప్పాలని అంది. అతను చెప్పాడు. డాక్టరు ముందు అతన్ని తిట్టి, ఆ తర్వాత చదవకుండా సంతకం పెట్టిన తనను తానే తిట్టుకొని, కొత్త రిపోర్టు ఇచ్చాడు. ఆమె దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, పాతదానితో పాటు సంచీలో పెట్టుకుంది. ఎదురువీధి నర్సింగ్ స్కూల్లో వైద్య పదాలు చెప్పే టీచరట. శనివారం మధ్యాహ్నం క్లాసుకు బయటివాళ్ళు కూడా రావచ్చని చెప్పి వెళ్ళిపోయింది.

శనివారం అతను చివరి బెంచీలో కూర్చున్నాడు. చుట్టూ నర్సింగ్ అమ్మాయిలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. టీచరు ఎవరినీ పట్టించుకోకుండా బోర్డు మీద మూత్రపిండాలు, వాటి నుంచి మూత్రాశయానికి దిగే రెండు సన్నటి గొట్టాలు గీసింది. పెద్ద మాటలకు బెదరకండి, విడదీసి చూడండి అంది. నెఫ్రో అంటే కిడ్నీ. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. ఐటిస్ అని వస్తే మంటతో కూడిన వాపు, లిథ్ అని వస్తే రాయి, హైడ్రో అంటే నీరు. హైడ్రోనెఫ్రోసిస్ అంటే కిందికి పోయే దారి మూసుకుపోయి, మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బడం.

తన చేతివేళ్ళు వేలసార్లు కొట్టిన మాట అది. దాని వెనుక ఒక మనిషి నొప్పితో మెలికలు తిరుగుతూ ఉంటాడని అతనికి ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఒక్క శనివారమూ మానలేదు. క్లాసు అయ్యాక అనుమానాలు అడిగేవాడు. కొన్ని నిజమైనవి, కొన్ని తయారుచేసుకొచ్చినవి. ఏవి ఏవో ఆమెకు తెలుసునని అతనికీ తెలుసు. ఒక వానరోజు గొడుగు లేక ఇద్దరూ స్కూలు మెట్ల మీద ఆగిపోయారు. చూరు నుంచి నీళ్ళు దారాల్లా కారుతున్నాయి. తన కొత్త రిపోర్టులో 'కాంపెన్సేటరీ హైపర్‌ట్రఫీ' అని టైపు చేశారు కదా, దాని అర్థం చెప్పమని ఆమె పరీక్ష పెట్టింది.

"ఒకటి పోయాక, రెండో దాని పని కూడా మీద వేసుకోవడానికి మిగిలింది కాస్త పెద్దదవడం" అన్నాడతను.

"నూటికి నూరు."

"మార్కులు వద్దండీ. వాన ఆగకపోతే చాలు."

వాన వైపు చూసిన ఆమె చూపులో కోపమేమీ లేదు. తన సంగతి తనే చెప్పింది. తమ్ముడికి కిడ్నీ ఇచ్చాక రెండు సంబంధాలు వచ్చాయి. ఆ మాట చెప్పగానే రెండూ వెనక్కి వెళ్ళాయి. అది విని తమ్ముడు మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. దాచి పెళ్ళి చేసుకుంటే వాడికి కిడ్నీ ఇవ్వడం తప్పని ఒప్పుకోవడమేనని, ఆ పని మాత్రం చేయనని అంది.

నెల తిరగకముందే ఆమె తల్లి టైపు గదికి వచ్చింది. వచ్చే ఆదివారం పెళ్ళివారు వస్తున్నారని చెప్పింది. అమ్మాయికి ఏదో ఆపరేషన్ అయిందట కదా అని వాళ్ళు ఆరా తీశారట. ఆమె సంచీలోంచి మడతలు పడిన పాత రిపోర్టు తీసి బల్ల మీద పరిచింది.

"ఇదిగో బాబూ, రెండూ ఉన్నాయని కింద మీరే రాశారు. పైన ఆ ఒక్క మాట తీసేసి ఇంకో కాపీ ఇయ్యి. ఆపరేషన్ అపెండిక్స్‌కని మేం చెప్పుకుంటాం."

అతను కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్ళిచ్చి, అది తను చేసిన పొరపాటని, రెండోసారి చేస్తే పొరపాటు అనిపించుకోదని చెప్పాడు.

"నీకేం పోతుంది నాయనా? దాని బతుకు ఒక దారిన పడుతుంది."

తనకేం పోతుందో అతనికి బాగా తెలుసు. కాగితం ఇస్తే టీచరు చేజారిపోతుంది. ఇవ్వకపోతే తన స్వార్థం కోసమే ఇవ్వలేదని రేపు ఆమే అనుకోవచ్చు. అయినా ఇవ్వలేనన్నాడు. తల్లి కాగితం మడుచుకొని, కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

శనివారం దాకా ఆగలేక అతను ఆ సాయంత్రమే నర్సింగ్ స్కూలుకు వెళ్ళాడు. ఖాళీ క్లాసులో టీచరు బోర్డు తుడుస్తోంది. జరిగిందంతా చెప్పాడు.

"అబద్ధం కాబట్టి ఇవ్వనని మీ అమ్మగారికి చెప్పాను. అది నిజమే, కానీ సగమే. మీకు ఆ సంబంధం కుదరకూడదని నాకు ఉంది. ఆ రెండో సగం కూడా మీకు తెలియాలి."

ఆమె చేతిలో డస్టరు ఆగింది. 

"ముందు అమ్మకు జవాబు చెప్పుకోవాలి నేను. తర్వాత మీకు. అప్పటిదాకా క్లాసుకు రాకండి."

ఆ రాత్రే ఆమె పెళ్ళివారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పిందని, ఆదివారం ఎవరూ రాలేదని నర్సింగ్ అమ్మాయిల ద్వారా తెలిసింది. అంతకు మించి ఏ కబురూ లేదు. మూడు శనివారాలు గడిచాయి. టైపిస్టు ప్రతి రిపోర్టునూ అర్థం చూసుకుంటూ టైపు చేస్తూ, వేగం సగానికి పడిపోయి, 'మెషిన్' అన్న బిరుదు పోగొట్టుకున్నాడు.

చివరికి ఇంట్లో బట్టలు కుట్టే తల్లికి చెప్పుకున్నాడు. ఆమె మిషను ఆపకుండానే అడగాల్సినవన్నీ అడిగింది. ఒక్కదాంతో మనిషి మామూలుగా బతకొచ్చా? పిల్లల్ని కనొచ్చా? అతను తెలిసినంత చెప్పాడు. బతకొచ్చు, కనొచ్చు, కాకపోతే డాక్టరు చెప్పినట్టు ఏటా చూపించుకోవాలి. తల్లి దారం తెంపి, నీ మాట మీద కాదు, ఆ పిల్లనే చూసి వస్తానంది.

ఆదివారం ఇద్దరూ టీచరు ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన తమ్ముడు అతన్ని ఎగాదిగా చూసి, "నా కిడ్నీని వెనక్కి పంపించింది మీరేనా?" అన్నాడు. ముందుగదిలో టీచరు తల్లి ముఖం చెల్లక, తల వంచుకొని కూర్చుంది. అతని పక్క కుర్చీలో టీచరు కూర్చుంది.

అతని తల్లి అనవసరపు మాటలు మాట్లాడలేదు.

"మీ అమ్మాయి సంగతి అంతా విన్నాను వదినగారూ. దాచకుండా చెప్పేవాళ్ళకి మేమూ దాచకూడదు. మావాడికి చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమ చెవి పోయింది. నాలుగేళ్ళుగా సెంటరులో ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందేమోనని. ఇష్టం లేకపోతే ఇప్పుడే అనండి. ఏమీ అనుకోం."

అతను తల ఎత్తలేకపోయాడు.

"అందుకేనా ఆ రోజు రిపోర్టు అలా..." అంది టీచరు.

"కాదండీ. కుడి చెవికి బాగానే వినపడింది. అర్థమే కాలేదు."

టీచరు తల్లి ఆ మాటకు, రాని నవ్వు తెచ్చుకోబోయి ఏడ్చేసింది. అతని తల్లి లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కాసేపట్లో పెద్దవాళ్ళిద్దరూ ఏవో చిన్న గొంతులతో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

టీచరు ఇంతసేపూ అతని ఎడమవైపు కూర్చుని ఉంది. ఇప్పుడు లేచి, కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, అతని కుడివైపుకు తెచ్చి వేసుకుంది. ముందుకు వంగి, అతని రెండో సగానికి ఇవ్వాల్సిన జవాబు చెప్పింది. గదిలో ఇంకెవరికీ వినపడనంత మెల్లగా చెప్పింది.

అతనికి ఒక్క మాట కూడా వినపడకుండా పోలేదు.