తాళంచెవి ఉన్న కొత్త మనిషి

జాకీ మాయమైంది.

తిరుచానూరులో ఆ వీధికంతా తెలిసిన కుక్క. దాని యజమాని మునిచంద్ర అంతకన్నా బాగా తెలిసిన మనిషి. కుక్క కరవకుండా ఎలా మెలగాలో బడిబడికీ తిరిగి పిల్లలకు పాఠాలు చెబుతాడు.

శనివారం పొద్దున్నే స్టేషన్‌కొచ్చి కంప్లయింట్ ఇచ్చాడు. గంధం పూసిన నున్నటి గుండు. మీసం కూడా లేదు. మండే ఎండల్లో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. కొండ మీద తలనీలాలిచ్చి శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి కుక్క లేదట. గేటు తాళం పగల్లేదు. రెండో తాళంచెవి పనిమనిషి గ్రేసీ దగ్గరుంది.

ఇంకేముంది! ఎస్సై ధరణి జీపు పంపింది. వీధి వీధంతా చూస్తుండగా గ్రేసీని ఆమె ఇంటి దగ్గర ఎక్కించుకొచ్చారు. స్టేషన్ బెంచీ మీద తలొంచుకుని కూర్చుందావిడ.

“నేను తీయలేదు మేడమ్,” అంది.

మధ్యాహ్నం ధరణి మునిచంద్ర వీధికి వెళ్లింది. ఎదురింటి తిరుమలమ్మను అడిగింది.

“శుక్రవారం కుక్క అరిచిందా?”

“అరిసేదేంది తల్లీ! తెల్లారి ఆరింటప్పుడు ఒకటే మొరుగు. ఎవడో దొంగోడు వచ్చినాడనుకుంటి. మల్లా కుయ్యిమని ఆగిపాయ.”

“గ్రేసీని చూస్తే మొరుగుతుందా?”

“ఆయమ్మను సూస్తే తోకూపుకుంటా కాళ్లకు సుట్టుకుంటాది.”

జీపు పంపకముందే ధరణి అడగాల్సిన ప్రశ్న అది. ఛీ, ఏం ఉద్యోగం!

మొరిగిందంటే కొత్త మనిషి. తాళం పగల్లేదంటే తాళంచెవి ఉన్న మనిషి. ఇద్దరూ ఒకరే ఎలా అవుతారు? జీపు సగం దారిలో ఉండగా ఆమెకు ఆ గుండు గుర్తొచ్చింది.

సాయంత్రం మునిచంద్రను పిలిపించి గ్రేసీ ఎదుటే కూర్చోబెట్టింది.

“కొండ దిగి ఇంటికెన్నింటికి వచ్చారు?”

“తొమ్మిదికి.”

“మరి ఆరింటికి జాకీ ఎవర్ని చూసి మొరిగింది?”

“గ్రేసీనే.”

“ఆవిడను చూసి మొరగదు. మొరిగింది మిమ్మల్ని చూసి. గుండు, మీసం లేదు, గంధం వాసన. నిద్రపోతున్న దాని మీదికి వంగి పట్టుకుంటే, ఉలిక్కిపడి లేచి కరిచింది కదూ? చొక్కా చెయ్యి మడవండి.”

మునిచంద్ర తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. చివరికి మడిచాడు. ముంజేతి మీద పళ్లగాట్లు. వాటిమీద పసుపు మెత్తి ఉంది.

“నిద్రపోయే కుక్కను ముట్టద్దని పిల్లోళ్లకు చెప్పేది నేనే మేడమ్. నన్నే కరిసిందంటే ఊళ్లో తలెత్తుకునేదెట్లా? మల్లా అందరి ముందర నా మీదికొస్తాదని సత్యవేడు కాడ మా బావ తోటలో కట్టేసి వచ్చినా. సూది వేయించుకుంటే ఎవరి కుక్క అని అడుగుతారని ఆస్పత్రికి గూడా పోలేదు. కుక్క యాడ అని అందరూ అడుగుతా ఉంటే, ఈయమ్మ పేరు నోటికొచ్చేసె.”

“మీ పరువు కాపాడుకోడానికి ఈవిడ పరువు తీశారు. నేను జీపు పంపి మరీ సాయం చేశాను.” ధరణి గ్రేసీ వైపు తిరిగింది. “తప్పు నాది కూడా అమ్మా. ఇంటి దగ్గర దించుతాను, లేవండి.”

గ్రేసీ లేవలేదు.

“నా కూతురి బడిలోనే ఈ సారు పాఠం చెప్పింది మేడమ్. పొద్దున జీపెక్కేటప్పుడు అది నన్నడిగింది, ‘సారు అబద్ధం చెప్పడు గదమ్మా, జాకీని యాడ పెట్టినావు?’ అని. నేను పోయి ఏం చెప్పినా నమ్మదు. మీరిద్దరూ వచ్చి చెప్పండి.”

ముందు ఆస్పత్రిలో మునిచంద్ర గాయం సబ్బుతో కడిగించి, సూది వేయించారు. తర్వాత జీపు గ్రేసీ ఇంటి ముందు ఆగింది. పొద్దున చూసిన జనమే మళ్లీ గుమ్మాల్లోకొచ్చారు. ధరణికి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లి వైపు చూడలేదు. నేరుగా మునిచంద్ర దగ్గరికే పోయింది.

“సార్, జాకీని మా అమ్మ ఇచ్చేసిందా?”

మునిచంద్ర అందరి ముందూ ఆ వీధి మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“మీ అమ్మ తీయలేదు పాపా,” అన్నాడు. “నేను అబద్ధం చెప్పినాను.”